పౌడరేసిన ఇంజను

రాజాంలో నా అంబాసిడర్ ఎక్కడెక్కడ ఆగిందో
ఎవర్నీ అడగక్కర్లేదు.
రూపాయి బిళ్ళంత నల్లమచ్చ చెబుతుంది.
కిళ్ళీబడ్డీ ముందొకటి,
డాక్టరుగారి పోర్టికోలో రెండు
(ఇంక లోపలికి తేవద్దన్నారు),
చీపురుపల్లి స్టేషను బయట
మచ్చ మీద మచ్చ, లెక్క తప్పింది.

ఇంటిముందు ముగ్గేస్తూ చిన్నమ్మడు
నడిమి చుక్క వదిలేసింది.
"అది నీ కారు పెడతాదిలే."
ఆనక ఓ పాత సత్తుపళ్ళెం బండికిందకి తోసింది.
పొద్దున్న లేచి వంగి చూస్తే
పళ్ళెంలో నా ముఖం,
నల్లగా, వెడల్పుగా.

విజయనగరం షెడ్డులో కుర్రాడు
సెల్లు లైటు కిందికి పట్టి, ఒక్కసారి చూసి,
"క్రాంకు సీలు పోయింది. గేరుబాక్సు దించాలి.
పద్దెనిమిది వేలు."
మనిషికి నలభై చొప్పున
ఎన్ని తలకాయలు, ఎన్ని మూటలు, ఎన్ని కోళ్ళు...
లెక్క తేలకుండానే ఇల్లు చేరాను.
దారంతా చుక్కలు.

మిగిలింది కోర్లయ్య మేస్త్రి.
ఆయన దగ్గరికెళ్ళాలంటే మొహమాటం నాకు.
ఎందుకో తర్వాత తెలుస్తుంది.

జూటుమిల్లు గోడ పక్కన టార్పాలిన్ షెడ్డు.
మేస్త్రి బండికింద దూరనే లేదు.
"కిందేటి సూస్తావు?
సుక్క రాలిన సోటు దాని ఊరు కాదు."

కిరసనాయిలు, పాత పళ్ళబ్రష్షు, సగం పూట.
పొరలు పొరలుగా ఊడింది జిడ్డు:
ఎర్రమట్టి, గోగునార పీచు, ఏదో పిట్ట ఈక.
అడుగున లేతాకుపచ్చ రంగు.
ఇన్నాళ్ళూ నడిపాను,
నా ఇంజను రంగు నాకు తెలీదు.

"పిండి కావాల" అన్నాడు.
చిన్నమ్మడు ముగ్గుడబ్బా తెచ్చింది.
"రాతిపిండొద్దమ్మా, లోపలికెల్తే బేరింగులు నమిలేస్తాది.
మొకానికి రాసుకుంతావే, అదట్టుకురా."
అప్పిచ్చినట్టు ఇచ్చింది.

అరచేతిలో పోసుకుని ఊదాడు.
ఇంజను తెల్లబడింది,
తూర్పు భాగవతం తెరవెనక
బుగ్గలకి సఫేదా పూసుకుని
బీడీ ఇంకా ఆర్పని సత్యభామలా.
"పొగిరి దాకా ఎల్లిరా."

వెళ్ళొచ్చి బానెట్టెత్తాను.
సంపు చుట్టూ పొడి. ముందు సీలు పొడి.
పైన, వెనక, ఎవడూ తొంగిచూడని మూల
టాపెట్ కవరు అంచు నుంచి సన్నగా ఒక నల్లగీత,
ఇంజను వీపు మీదుగా జారి,
బెల్ హౌసింగ్ దగ్గర మళ్ళి,
అడుగు కన్నంలో దూరి
అక్కడ, అమాయకంగా, చుక్కయింది.

"ఈ కవరు ఎవుడు బిగించినాడు?"
నేను మిల్లు పొగగొట్టం వైపు చూశాను.

రెండేళ్ళ కిందటి మాట.
ఓసారి చెమ్మ కనిపిస్తే నేనే బిగించాను.
మళ్ళీ చెమ్మ. మళ్ళీ బిగించాను,
పానాకి పైపు తగిలించి, పళ్ళు కొరికి.
"బిగించేకొద్దీ రేకు వంగుతాది.
వంగేకొద్దీ కారతాది.
కారేకొద్దీ నువ్వు మల్లా..."
ఆయన నవ్వలేదు. నవ్వేస్తే బాగుండేది.

కార్కు ప్యాకింగు అప్పడంలా విరిగింది.
మూత లేకుండానే ఓ నిమిషం ఇంజను తిప్పాడు.
టాపెట్లు, అమ్మోరి జాతరలో
తప్పెటగుళ్ళోళ్ళలా ఎగిరెగిరి.
"మోగనీ. తప్పెట మోగినంతకాలం బయం లేదు."

రైలుపట్టా ముక్క మీద రేకు అంచు పెట్టి
చిన్నసుత్తితో, నెమ్మదిగా,
అలిగిన పిల్ల వీపు నిమిరినట్టు సాపు చేశాడు.
కొత్త కార్కు కోశాడు.
పానా నా చేతికే ఇచ్చాడు.
"రెండేళ్ళతో తిప్పు. తిరగనంటే పావుచుట్టు. సాలు."
పావుచుట్టు అయిపోయింది.
నా చెయ్యి మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది.

కార్కుకి తొంభై, చేతికూలి మూడొందలు.
"మరి నా పౌడరు?" అంది చిన్నమ్మడు.

మర్నాడు పళ్ళెంలో ఒక చుక్క.
ఎల్లుండి లేదు.
పళ్ళెం ఇంకా తియ్యలేదు.

చీపురుపల్లి దారిలో రెండువైపులా
నానబెట్టిన గోగు కంపు.
ఇంజను వేడెక్కగానే
సందుల్లో మిగిలిన పౌడరు గుప్పుమంది.
వెనకసీట్లో ముసలామె కోడిని ఒళ్ళోకి లాక్కుని
ముక్కెగబీల్చి అడిగింది,
"ఎవులి పెల్లిరా బాబూ?"