సౌనా ఎవరికి

మొదటి లాయరు దాన్ని ‘సానా’ అన్నాడు.
అక్కడే సగం మనసు విరిగింది నాకు.

గ్రీన్ బేలో ఏడో అంతస్తు, గాజు బల్ల,
గిన్నె నిండా ఊరికే ఇచ్చే పిప్పరమెంట్లు.
మంచులో నాలుగు గంటలు ట్రక్కు తోలుకుపోయాను
గంటకు మూడువందల ఎనభై డాలర్ల మాట వినడానికి.
మర్యాదస్తుడే, కాదనను.
ఇల్లు రాసుకున్నాడు, పదకొండెకరాల అడవి రాసుకున్నాడు,
బ్యాంకులో ఉన్న కాస్తా పైసలతో సహా రాసుకున్నాడు.
సరస్సు ఒడ్డున ఉన్న చెక్కగది దగ్గరికి వచ్చేసరికి
‘ఇతర కట్టడం, విలువ స్వల్పం’
అని ఒక్క గీతలో తేల్చేశాడు.

స్వల్పమట.
మా అమ్మ నన్ను కన్నది ఆ గదిలో.
మా ఆయన వెయికోకి ఆఖరి స్నానం చేయించింది
ఆ పైబల్ల మీద, నేనూ, మరో ఇద్దరు ఆడవాళ్లూ,
బర్చి ఆకుల వాసన పోకుండా తలుపు మూసి.

పిప్పరమెంటు ఒకటి జేబులో వేసుకుని వచ్చేశాను.

ఊళ్లో వాకబు మొదలుపెట్టాను.
శవపేటికలమ్మే హైన్స్‌ని అడిగాను,
చావు తరవాత ఎవరి కాగితాలు నిలబడ్డాయో
అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.
ఒకాయన చలికాలమంతా ఫ్లోరిడాలోనే అన్నాడు.
ఇంకొకాయన పేరు చెప్పి, దగ్గి, కిటికీలోంచి చూశాడు.
చివరికి, రంగుల దుకాణం పైన
లోర్నా బిసొనెట్, మెట్లు జాగ్రత్త, అన్నాడు.

పద్నాలుగు మెట్లు. తుంటిలో కొత్త ఇనుముతో ఎక్కాను.
ముప్పయ్యేళ్ల పిల్ల, మోకాళ్ల దాకా బూట్లు,
బల్ల కింద కుక్క.
ఎన్ని వీలునామాలు రాశావు, అడిగాను. రెండొందల పైన.
ఎన్ని కోర్టులో కొట్టేశారు? ఒకటి, అంది,
ఆ ఒక్కదాని కథా దాచకుండా చెప్పింది,
సాక్షి సంతకం పెట్టిన పెన్నులో సిరా అయిపోయిన సంగతితో సహా.
ఫీజెంత? మొత్తానికి పద్నాలుగు వందలు,
నాకు తెలివి తప్పితే ఆసుపత్రిలో ఎవరు మాట్లాడాలో
ఆ కాగితం కూడా కలిపి.

అప్పుడు అడిగింది:
“శనివారం సౌనా పొయ్యి ఎవరు రాజేస్తున్నారు?”

సౌనా అంది. మా అమ్మ అన్నట్టే అంది.
నాకు నోట మాట రాలేదు.
ఆరేళ్లుగా రాజేస్తున్నది మెర్ల్,
కాగితం మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చే పక్కింటివాడు.
చుట్టం కాదు, పక్కం కాదు.
కట్టెలు చీల్చి పేర్చి, నేను స్నానం చేసి వచ్చేదాకా
బయట మంచులో నిలబడి సిగరెట్టు కాలుస్తాడు,
పడిపోతే చప్పుడు వినపడాలని.
టూసాన్‌లో ఉన్న అక్క కూతురికి
రాయాలనుకుని వచ్చాను నేను.
ఆ పిల్ల క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. మంచి కార్డే.

సరే, నువ్వే రాయి, అన్నాను. చెక్కు తీశాను.
“ఆగండి” అంది లోర్నా.

ఆ పిల్ల ముందే కౌంటీ ఆఫీసుకెళ్లి
పాత రిజిస్టరు తిరగేసిందట.
యాభై ఎనిమిదిలో నాన్న రాయించిన దస్తావేజులో
సౌనా కింద నేల ఇద్దరిది:
నాదీ, మా తమ్ముడు రెయినోదీ.

రెయినో.
నాన్న పడవ మోటారు ఎవరిదని
పన్నెండేళ్ల కిందట మాట మానేసిన రెయినో.
మూడు మైళ్ల అవతల ఉంటాడు.
చర్చిలో నా ముందు వరసలో కూర్చుంటాడు,
అతని మెడ మీద మచ్చ నాకు కంఠతా వచ్చు.

“అతని సంతకం లేకపోతే
మీరు మెర్ల్‌కి ఇచ్చేది సగం పొయ్యి,” అంది.
“నేను ఉత్తరం రాయగలను, ఎనభై డాలర్లు.
మీరు వెళ్తే ఊరికే.”

పట్నం లాయరు ఈ మాట చెప్పేవాడా?
చెప్పినా, రెయినో ఏ రోడ్డులో ఉంటాడో తెలిసేదా?
కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, మళ్లీ పడుకుంది.
చెక్కు మీద పేరు రాయడానికి
ఆ పిల్లనే స్పెల్లింగు అడగాల్సి వచ్చింది.

ఇవాళ శనివారం.
మెర్ల్‌ని పిలిచి షెడ్డులోంచి మోటారు మోయించాను.
తుప్పు పట్టింది, తిరగదు.
అయినా ట్రక్కు వెనక తాళ్లతో కట్టించాను.
పొయ్యి ఎన్నింటికి అంటించమంటావు, అడిగాడు.

ఆలస్యంగా, అన్నాను.
కట్టెలు మాత్రం ఎక్కువ వెయ్యి.