ఏర్

అర్ధరాత్రి పాతగూడెం రేవుల దోనె దిగిండ్రు
పదకొండు మంది, ఒక కోడి,
సగం కాలిన ఇప్పపువ్వు మూట.

ఎవలు తరిమిండ్రని అడగలే మా లస్మి పెద్దమ్మ.
పొయ్యి రాజేసింది.

దోనెల నోరు మూసి తెచ్చిన పిలగాడు
ఆమె కొంగు పట్టి "ఏర్, ఏర్" అన్నడు.
"ఏరే బిడ్డా, దాటిండ్రు గదా, ఇగ భయం లేదు"
అని ఇంద్రావతి దిక్కు చూపెట్టింది.
వాడు ఏడ్సుడు వెట్టిండు.
వాళ్ల ముసలామె దోసిలి నోటికాడ వెట్టి చూపితె గాని
తెల్వలే,
గోండి మాటల ఏరంటె నీళ్లు.

తెల్లారి జమాదారు వచ్చిండు: ఎంతమంది?
పెద్దమ్మ బిందె బోర్లించి చూపింది.
"మనుషుల లెక్క నాకు రాదు సారూ.
రెండు బిందెలు తాగిండ్రు.
కోడి తాగింది వేరే."