ఒగ్గే నంబరు

కొర్ల తనూజ ఫోను నా మొకం ముందు ఎట్టి
"తాతా, ఈ రెండిట్లో ఏది?" అన్నాది.
ఉద్దానంలో, మిట్టమజ్జాన్నం,
జీడిపిక్కలు ఎండేసిన టార్పాలిన్ పక్కన
మంచుమీద జారే సెక్కల బేరం!

ఎన్‌సీసీ గుంట. గుల్‌మార్గ్ కోర్సుకి పేరొచ్చినాది.
పద్నాలుగేళ్ళు ఆ కొండమీద
కుర్రసిపాయిలకి పడ్డం నేర్పినోణ్ణి నాను.
నిలబడ్డం ఎవులైనా నేరుపుతారు.

ఒకటి పార్కు బైండింగు.
కట్టిన దిబ్బల మీంచి గెంతి,
ఇనుపకమ్మీల మీద జారి ఆడుకునీవోళ్ళది.
పొట్టిది, సెక్కకి అతుక్కుని ఉంటాది.
ఎనక్కి దిగినా, అడ్డంగా దిగినా
దెబ్బని నోపలికి మింగి
బూటుని కుసింత పక్కకి పోనిచ్చి
మళ్ళీ తనే సోటికి లాక్కుంటాది,
పాలకెగబడిన దూడని పలుపు లాగినట్టు.

రెండోది కొండంతటికీ.
పొద్దున్న గాజులాటి గట్టిమంచు,
మజ్జాన్నం జావ,
దేవదారుల మజ్జిన మొలలోతు.
మడం కాడ బిగువు.
కాలు అనుకున్నాది సెక్కకి అప్పుడే తెలిసిపోతాది.
బరువు మాత్రం బరువే.
లిఫ్టు ఆగిపోయిన రోజు భుజాన్ని అడిగితే సెప్తాది.

"ఏది మంచిదో సెప్పవేటి?"

ఏటి సెప్పమంటావు.
అదుగో, మా బావ జోగులు తాడిసెట్టు మీదున్నాడు.
నడుంకి మోకు, కాళ్ళకి బందం.
ఆ బందం ఒగ్గకూడదు.
ఒగ్గితే సాయంత్రానికి మా సెల్లి ముండమోస్తాది.
మంచుమీద కట్టు అలాటిది కాదమ్మా.
అది ఒగ్గాల.
అంత డబ్బు పోసి కొన్నది పట్టుకోడానికనుకుంటారు.
పట్టుకోడానికైతే కొబ్బరితాడు సాలు.

మునివేళ్ళ కాడో స్ప్రింగు, మడం కాడో స్ప్రింగు.
మీద గీతలు, గీతల పక్కన నంబర్లు.
బరువెంత, ఎత్తెంత, బూటు అడుగు ఎంత పొడుగు,
వొయిసెంత, ఎంత దూకుడు మనిషివి,
అన్నీ అడుగుతాది.
సమ్మందానికొచ్చినోళ్ళు కూడా అన్ని అడగరు.

దూకుడు కాడే అందరూ అబద్ధం ఆడతారు.
నానూ ఆడినాను.
ఏడు ఎట్టాల్సిన కాడ పది ఎట్టినాను,
సుబేదారు సూస్తన్నాడని.
ఫిబ్రవరి. మబ్బు కమ్మినాది.
సెక్క కొన ఎక్కడో దిగబడిపోయినాది.
నాను తిరిగినాను. సెక్క తిరగనేదు.
మజ్జిన మోకాలు ఒక్కతే ఉంది.

తడిబట్ట సింపినట్టు సప్పుడు.
ఇప్పటికీ, మీ అమ్మ దుప్పట్లు జాడిస్తంటే
నాను నోపలికెల్లిపోతాను, సూసినావా?

తిత్లీ తుపాను రేత్రి నువ్వు సిన్నపిల్లవి.
వేరు ఒగ్గని కొబ్బరిసెట్లు మజ్జికి ఇరిగిపోనాయి.
వేరు ఒగ్గినవి పడుకున్నాయి.
పడుకునే, రెండు మాత్రం, మొవ్వు ఎత్తినాయి.
ఏది మంచి సెట్టని
మీ నాయన్ని ఎవులూ అడగనేదు.

"మరి బేగి ఒగ్గీసినా ముప్పే కదా?"

గట్టిగుంటవే.
ముప్పే. గెంతిన దిబ్బ మీంచి గాల్లో ఉండగానే
ఒక సెక్క ఊడిపోయినాది ఒకడికి.
దిగీసరికి ఒంటికాలు మీదున్నాడు.
అందుకే పార్కులో కొందరు నంబరు పెంచుకుంటారు.
తప్పని అన్నేను, రైటనీ అన్నేను.
ఊడినోణ్ణి మోసినాను, ఊడనోణ్ణీ మోసినాను,
స్ట్రెచరు మీద ఇద్దరూ ఒకటే బరువు.

అయినా కోర్సులో నీకిచ్చేది ఈ రెండూ కాదు.
ఎవులో వాడి ఒగ్గీసిన పాతది,
రంగు పోయింది, పిడి కుసింత వదులు.
దాన్నేటీ అనకు.
నంబరు మాత్రం ఇంకొకళ్ళ సేత తిప్పించకు.

తనూజ సెప్పులిప్పి
జీడిబస్తాల కాటా ఎక్కినాది.
నలబైయేడు.
అరిసేతిలో పెన్నుతో రాసుకున్నాది.
దానికింద ఎత్తు. దానికింద పద్దెనిమిది.
దానికింద "దూకుడు" అని రాసి
పెన్ను ఆపి నా కేసి సూసినాది.

నాను సెట్టు కేసి సూసినాను.
జోగులు కిందికి దిగినాడు,
కాలికి బందం ఇప్పుకుంటన్నాడు,
నిమ్మళంగా, ఒక్కొక్క మెలికా.