పన్నెండు కోర్లు

బల్లార్షా నుంచి చంద్రపూర్ దాకా బస్సుల
నేను లెక్కపెట్టుకున్నది ఒక్కటే:
ముప్పై ఒక్క ఏండ్లల్ల
భూమికి ఎన్ని బొక్కలు పొడిచిన్నో.
సాస్తి దిక్కు, రాజురా దిక్కు, ఘుగ్గుస్ అవతల పత్తిచేన్లల్ల
రిగ్గు నిలబెట్టి, నీళ్లు వదిలి
లోపల బొగ్గున్నదా అని అడిగే నౌకరి నాది.
ఇయ్యాల నా వంతు.

రక్తంల ఏదో అంకె ఏడు దాటిందట.
వైరాగడే మేడమ్ మరాఠీల చెప్పుకుంట పోయింది.
నా మరాఠీ బజారుకు సరిపోయింది, రిగ్గుకు సరిపోయింది,
ఈ ఒక్క జాగకు చాలలే.
తెలుగుల మాత్రం దాని పేరు తెల్సా నాకు?
మా మేనల్లుడు పుస్తకంల చూసి చెప్పిండు:
పౌరుష గ్రంథి.
మా లసుంబాయి నోట్ల కొంగు కుక్కుకొని నవ్వింది.

అఖ్రోట్ అంత ఉంటదన్నది మేడమ్.
నేనెన్నడు అఖ్రోట్ చేత పట్టలే.
పెద్దుసిరికాయ అనుకున్న.

ఎడమకు తిరుగు, మోకాళ్లు కడుపుకు ముడువు.
సిగ్గు గడప కాడ్నే ఆగిపోయింది,
చలి మాత్రం లోపలికొచ్చింది.
తెర మీద బూడిదరంగు మబ్బు.
మొద్దుబార్చే సూది. ఆ తర్వాత
టక్.
"మొదటి కోర్" అన్నది మేడమ్.
నేను తల తిప్పి చూసిన.
కోర్ అన్నదా?
మేము గూడ గదే అంటుంటిమి.

టక్. టక్.
మేశ్రామ్ అనే పోరడు సీసాల మీద రాస్తుండు:
కుడి అడుగు, కుడి నడుమ, కుడి కొన.
ఒకటి చూపెట్టు బిడ్డా అన్న.
సేమ్యా పోగు. తెల్లగ. నాదే.
మావి మోచెయ్యంత లావు.
చెక్కపెట్టెల ఎడమ నుంచి కుడికి పేర్చి
సుద్దతోటి లోతు రాసేది.
ఒక్క ముక్క తారుమారైతే
భూమి మొత్తం అబద్ధమైతది.

తొంభై ఆరుల ఒక వానరాత్రి
పెట్టె నా చేతిలనుంచే జారింది.
లాంతరు ముందట కూసోని
తోచినట్టు పేర్చి మూత పెట్టిన.
ఇయ్యాలటి దాకా ఎవరికి చెప్పలే.
"సీసాలు కలువనియ్యకు బిడ్డా"
అన్న మేశ్రామ్‌తోని.
ముసలోనికి భయమనుకొని నవ్విండు.

రెండు దినాలు ఒంటికి పోతే ఎర్రగ.
పది దినాలకు కాయితం.

పన్నెండిట్ల పది మంచియి.
కుడి నడుమల, కుడి కొనల
కణాల నడక మారిందట,
గోడలు మాత్రం ఇంక నిలబడే ఉన్నయట.
క్యాన్సరా అన్న.
కాదన్నది.
అయితదా అన్న.
కావొచ్చు, కాకపోవచ్చు,
సూది పడ్డ కాడ ఏమున్నదో అదే చెప్పగలుగుతా అన్నది.
ఆరు నెలలకు రక్తం, ఏడాదికి అవసరమైతే మళ్ల సూది.

గది నాకు తెల్సు మేడమ్ అందామనుకున్న.
రెండు బోర్ల నడుమ ఏమున్నదో ఎవనికి తెల్వది,
సాబు కాయితం మీద గీత గీసి కలుపుతడు.
ఒక్కోసారి నల్లరాయి తాకుతది.
బొగ్గు లెక్కనే ఉంటది, చేతికి అంటది,
పొయ్యిలేస్తే మండది.
దాని కింద బొగ్గున్నట్టు కాదు, లేనట్టు కాదు.
సాబు వహిల రాసుకునేటోడు:
ఇక్కడికి మళ్ల రావాలె.

కాగితం మిల్లు వాసన రాంగనే బస్సు దిగిన.
లసుంబాయి వాకిట్ల నిలవడ్డది.
"తాకిందా బొగ్గు?"
"నల్లరాయి."
ఎన్నేండ్లు మా పొయ్యిలకెల్లి
మండని రాళ్లు ఏరి గోడవతల పారేసిందో ఆమె.
కొంచెం సేపు నా మొఖం చూసింది.
"కాళ్లు కడుక్కో" అన్నది,
"అంబలి చల్లారుతుంది."