పదిహేడో పెట్టె

నాచారం షెడ్డులో, మే నెల మధ్యాహ్నం,
జహంగీర్ భాయ్ పెట్టె మూత తీస్తాడు.
మూడడుగుల రాతికడ్డీ, రోకలంత లావు,
నిలువునా సగానికి కోసింది.
అంచున మార్కరుతో లోతు:
రెండు వేల తొమ్మిది వందల పద్నాలుగు మీటర్లు.
పైన ఎవరి వరిమడి ఉందో
పెట్టె మీద రాసి లేదు.

రిపోర్టు రాయాల్సింది నేను.
ముందు వాసన చూసేది మాత్రం ఆయనే.
ముప్పై ఒక్క ఏళ్ల ముక్కు.
"ఉన్నది మేడం. జరంత.
దీపం ఆరినంక వత్తిలో ఉంటది చూడు, అంత."

కిందంతా నల్లటి చెరువని
మా అక్క కొడుకు బొమ్మ గీశాడొకసారి.
చెరువు, పైన మనం, మధ్యలో ఒక స్ట్రా.
నేను నవ్వలేదు.
ఎమ్మెస్సీలో చేరేదాకా నేనూ అట్లాగే అనుకున్నా.
చెరువు లేదు. గుహ లేదు.
రాయే ఉంది.
రేణువుకీ రేణువుకీ నడుమ,
ఉప్పల్ బస్సులో పొద్దున తొమ్మిదింటికి
భుజానికీ భుజానికీ నడుమ మిగిలేటంత సందు.
అందులోనే కాపురం.

సందులుంటే చాలదు,
సందులోంచి సందుకి దారుండాలి.
పాతబస్తీ గల్లీల్లా ఒకదాన్లోంచి ఒకటి తెరుచుకోవాలి.
లేకపోతే ఎన్ని గదులుండీ ఏం,
తలుపులు పెట్టడం మర్చిపోయిన ఇల్లు.

ఆ పైన బురదరాయి,
ముద్దగా, మూగగా, ఊపిరాడనంత దగ్గరగా.
అది అడ్డం పడుకోబట్టే ఆగింది ఈ చమురు.
లేదంటే ఏనాడో పైకి పాకి
ఏ సముద్రం మీదో రంగుల తెట్టై
ఎవరూ చూడకుండా ఎండిపోయేది.

లైట్లు ఆర్పేస్తాం.
యూవీ దీపం కింద రాయి
అక్కడక్కడ మాత్రమే వెలుగుతుంది,
జొన్నరొట్టె మీద నెయ్యి పాకినట్టు.
ఆయన ఏమీ అనడు.
అవసరమున్న దానికన్నా కొంచెం ఎక్కువసేపే
ఇద్దరం చీకట్లో నిలబడతాం.

బయట బోరుబండి మోత, మూడు రోజులుగా.
పక్క కంపెనీవాళ్లు తొమ్మిది వందల అడుగులు దాటించారు.
తెల్లటి దుమ్ము. ఇంకా తెల్లటి దుమ్ము.
రెండు వందల యాభై కోట్ల ఏళ్ల కింద
గడ్డకట్టిన మొండిది ఈ ఊరి రాయి.
పగిలితే తప్ప చుక్కని లోపలికి రానివ్వదు.
సాయంత్రానికి ట్యాంకరే దిక్కు,
డీజిలు పొగ కక్కుతూ,
దారి పొడుగునా నీళ్లు కారుస్తూ.

భూతద్దం పెట్టి చూస్తున్నా.
తెల్లగింజలు, తెల్లగింజలు, బూడిదగింజలు.
వాటి మధ్య ఒక లేత గులాబీ గింజ,
మూలలు ఇంకా అరగలేదు.
ఆ గులాబీ నాకు తెలుసు.
మౌలాలి గుట్ట మీద పొద్దుటెండ పడితే వచ్చే రంగు.

రుజువు లేదు. రిపోర్టులో రాయను.
కానీ మూసీకి ఇంకా పేరు పెట్టని కాలంలో
వానలు ఈ గుట్టల్ని గోకి, గోకి,
ఏదో ఏరు ఆ ఇసుకని కడలి దాకా మోసి,
బురద మీద బురద దుప్పటి కప్పి
మూడు కిలోమీటర్లు కిందికి అణిచి ఉంటే?
ఇన్నాళ్లకి దాన్ని
విజయవాడ హైవే మీద లారీలో
టోలు కట్టి మరీ ఇంటికి తెచ్చామేమో.

చమురు వచ్చినప్పుడు
అంతకు ముందున్న సముద్రం తప్పుకుందట.
అంతా కాదు. ప్రతి గింజనీ కరుచుకుని
ఒక పల్చటి తడి, ఎంత తోసినా కదల్లేదు.
మా లెక్కల్లో దానికో గడి ఉంది:
ఇరవై రెండు శాతం.
రేపు మనం తోడినా అంతే.
సగం పైనే మన చేతికి రాకుండా
అక్కడే, ఆ సందుల్లోనే ఉండిపోతుంది.
ఆ గడి నింపేటప్పుడు
నాకెందుకో కొంచెం నిమ్మళంగా ఉంటుంది.

జహంగీర్ భాయ్ అంచు నుంచి
గోరంత పెచ్చు విరిచి
నాలిక కొసకి ఆనించాడు.
వద్దని వెయ్యిసార్లు చెప్పాను.

"ఉప్పగున్నది," అన్నాడు.
పక్కకి ఊసి,
ట్యాంకరు నీళ్లతో నోరు పుక్కిలించుకుని
మూత బిగించాడు.