ఐదు గంటలు ఫాస్ట్

మనకు తెలిసిన ఫాస్ట్ ఒకటే.
బౌలరు ఫాస్ట్, చిన్న స్టేషన్లలో ఆగని బండి ఫాస్ట్,
ముహూర్తం దాటిపోతుంటే పురోహితుడి మంత్రం ఫాస్ట్.
ఆ మాటకి ఇన్ని కాళ్లుంటాయని,
కొన్ని పరిగెత్తేవి, కొన్ని పాతుకుపోయినవి అని
హడర్స్‌ఫీల్డ్ రంగుల మిల్లులో
కరమ్‌దాద్‌కి ఎవరూ చెప్పలేదు.

మొదటి వారం.
తొట్టెల మీద ఆవిరి, ముక్కు కోసే పులుపు వాసన,
మోచేతుల దాకా నేవీ బ్లూ.
మేస్త్రీ క్లిఫర్డ్ హేగ్ అరిచాడు: ఫాస్ట్!
కరమ్‌దాద్ పరిగెత్తాడు.
అరిచింది అందుకు కాదు,
బట్టల బండి చక్రం రాళ్ల సందులో ఇరుక్కుందని.
ఆ లోయలో ఇరుక్కున్నదాన్నీ ఫాస్ట్ అనే అంటారు.
తలుపు బిగుసుకుంటే ఫాస్ట్,
ఉంగరం వేలిని వదలకపోతే ఫాస్ట్,
పేపర్లో పజిలు నింపుతూ
ఒక్క గడి దగ్గర ఆగిపోయిన ముసలాయనా ఫాస్టే.
మిర్పూర్‌లో అయితే
రెండెడ్లకి ఒకే పేరు పెట్టరు,
ఒకటి పడుకుని లేవకుంటే
ఒకటి పలుపు తెంపుకుంటుంటే.

నిద్రకీ అదే మాట.
ఒక గది, మూడు మంచాలు, ఆరుగురు.
ఒకడు లేచి వెళ్లిన వెచ్చదనంలో ఇంకొకడు.
కింద వాటా ముసలమ్మ మెట్ల దగ్గర గుసగుసగా
"ఫాస్ట్ అస్లీప్" అంటే
ఈ దేశంలో నిద్ర కూడా తొందరగా పోవాలి కాబోలు
అనుకున్నాడు.
పెద్ద తప్పేం కాదు.

డిసెంబరు. మంచు. రంజాన్ నెల.
క్యాంటీన్లో ప్లేటు వెనక్కి నెట్టి
"ఐ ఫాస్ట్" అన్నాడు.
"నువ్వా!" అన్నాడు హేగ్,
"నీ అంత నిదానం మనిషిని నా జన్మలో చూళ్లేదు."
బల్ల బల్లంతా నవ్వింది.
కరమ్‌దాద్ కూడా నవ్వాడు, అర్థమై కాదు.

చేతి వాచీ మాత్రం నిజంగానే ఫాస్ట్.
ఐదు గంటలు.
ఊరి టైము మార్చలేదతను.
ఊరే మారిపోయింది.
ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపితే
మసీదు మెట్లు, మేనమామ మొక్కజొన్న చేను,
అబ్బా సమాధి, వరసగా మునిగాయని ఉత్తరం.
మునిగిన ఊళ్లో ఇప్పుడు టైమెంత?
మణికట్టు చూసుకుంటే తెలుస్తుంది.
ఇక్కడ పన్నెండు కొట్టేసరికి వాచీలో ఐదు,
ఎక్కడో కొత్త కాలనీలో అమ్మ
ఖర్జూరప్పండు నోట్లో వేసుకుంటుంది.
వాచీ ఉపవాసం అయిపోయింది.
మనిషిది ఇంకా నాలుగు గంటలుంది.

మేడ మీద గదిలో ఈనిడ్ క్రౌథర్
రంగు ముక్కకి తెల్ల ముక్క జోడించి కుడుతుంది.
సబ్బునీళ్లలో ముప్పావుగంట మరిగించి
కుట్లు విప్పి
కిటికీ వెలుతుర్లో పెట్టి చూస్తుంది.
తెలుపుకి అంటకపోతే ఆ రంగు ఫాస్ట్.
"బుద్ధిమంతురాలైన రంగు,
తన చోటు తను దాటదు" అంది.
ముక్కలు మోసుకొచ్చిన కరమ్‌దాద్
తన మోచేతులు చూసుకున్నాడు.
ఆమె కూడా చూసింది.
ఆ పూట తెల్ల ముక్కలో
సూది దిగిన చిల్లుల చుట్టూ సన్నగా నీలం.
ఈనిడ్ చాలాసేపు చూసి
ఐదుకి నాలుగు వేసింది.

ఆ సాయంత్రమే
లోడు లారీ ఎత్తు మీద మంచులో దిగబడింది.
వెనక ఇద్దరే, భుజాలు ఆనించి.
హేగ్ ఊపిరి అందక ఆగి
పక్క మణికట్టు చూశాడు. "నీ వాచీ ఫాస్ట్."
"వాచీ ఫాస్ట్," అన్నాడు కరమ్‌దాద్.
"లారీ ఫాస్ట్. నేను ఫాస్ట్."
చేత్తో నోరు చూపించాడు, ఆకాశం చూపించాడు.

హేగ్ కాసేపేం మాట్లాడలేదు.
"పొద్దుట్నుంచా? నీళ్లు కూడా?"
కోటు జేబులోంచి ఫ్లాస్కు తీసి మూత విప్పాడు.
"సూర్యుడెప్పుడో పోయాడయ్యా,
ఈ మబ్బులో ఎవడు చూడొచ్చాడు?"

వాచీలో ఎనిమిదీ నలభై.
"ఇంకా ఆరు నిమిషాలు."

లారీ కదల్లేదు.
మంచు పడుతూనే ఉంది.
హేగ్ లారీకి వీపు ఆనించి నిలబడి
మూత మళ్లీ బిగించాడు,
టీ చల్లారకుండా.