ఐదువందల మాటలు

పోటీ అంశం: పౌరుడి బాధ్యత.
ఐదువందల మాటలు మించరాదు.
రువీలో మా గది, ఏసీ మోత కింద
మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

"ఓటు గురించి రాయి బిడ్డా" అన్నాడు నాన్న,
ట్యాంకర్ తాళాలు మేకుకు తగిలిస్తూ.
నువ్వెన్నిసార్లు వేసినవ్ అంటే
ఎడమ చూపుడువేలు చూసుకున్నాడు.
ఒక్కసారి. కోరుట్ల బడిలో. నేను పుట్టకముందు.

నేను పుట్టింది ఇక్కడే.
రెండేళ్లకోసారి నా కార్డు మీద తేదీ మారుతుంది,
ఫోటోలో మాత్రం పెరుగుతుంటాను.

రాసి కొట్టేశాను, కొట్టేసి రాశాను.
అప్పుడు గుర్తొచ్చింది లిఫ్టు.
మే నెలలో పాడై పదకొండు రోజులు.
ఐదో అంతస్తు ఈజిప్టు ముసలమ్మకు
నీళ్ల డబ్బా ఏ రోజు ఎవరు మోయాలో
వాచ్‌మన్ నస్రుల్ గోడకు కాగితం అంటించాడు:
బెంగాలీ అంకెలు, మలయాళం పేర్లు,
మంగళవారం పక్కన వంకరగా, తెలుగులో, నాన్న.

అదే రాశాను. నాలుగువందల పన్నెండు మాటలు.
రాజ్యాంగం అన్న మాటే లేదని
టీచరు ఎర్రసిరా గీత పెడుతుందేమో.

ఫారంలో చివరి గడి: శాశ్వత చిరునామా.
నాన్న నిద్రపోయాడు, లేపలేదు.
పెన్సిలుతో కోరుట్ల అని రాసి ఉంచాను.
పిన్‌కోడు పొద్దున అడగాలి.